బీదబింబం, చెత్త, వర్గం: ఉత్తర తెలంగాణ దృశ్యాలపై ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం: సెల్‌ఫోన్లలో తిరిగే మసక వీడియోలను, ఫార్వర్డు చిత్రాలను ‘చెత్త’ అని కొట్టిపారేయడం మన విద్యావంతుల్లో సాధారణం. ఈ తీర్పు వెనక పనిచేసే వర్గదృష్టిని పూర్వ కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల దృశ్యాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం. ఇందుకోసం హీటో స్టెయెర్ల్ ప్రతిపాదించిన భావనను స్వీకరిస్తూనే, దానికి చితికిన బింబం, పుట్టుబీద బింబం అనే విభజన అవసరమని ఈ వ్యాసం వాదిస్తుంది.

కీలక పదాలు: బీదబింబం, గల్ఫ్ వలస, గుస్సాడి, బలగం, మై విలేజ్ షో, వాట్సాప్, జానపద విజ్ఞానం.

1. ఉపోద్ఘాతం

తెలుగులో ‘చెత్త’ అనే మాట రెండు పనులు చేస్తుంది. ఇల్లు ఊడ్చినప్పుడు పోగయ్యేది చెత్త. మనకు నచ్చని సినిమా కూడా చెత్తే. మొదటి అర్థంలో అది వస్తువును సూచిస్తుంది, రెండో అర్థంలో తీర్పును ప్రకటిస్తుంది. డిజిటల్ దృశ్యం విషయానికి వచ్చేసరికి ఈ రెండర్థాలూ కలిసిపోయాయి. ఫోన్ నిండిపోతే తీసి పారేసేదాన్నీ, చూడగానే మొహం చిట్లించేదాన్నీ ఒకే మాటతో పిలుస్తున్నాం. ఏది చెత్త అన్న ప్రశ్నతోపాటు ఎవరి దృశ్యం చెత్త అవుతోంది అన్న ప్రశ్న కూడా వేయవలసి ఉంది.

తెలుగు సాహిత్య చరిత్రకు ఇది కొత్త కాదు. మార్గ, దేశి అన్న విభజన మొదలుకొని ద్విపదను చిన్నచూపు చూసిన చాటువుల దాకా, రూపాన్ని బట్టి అంతస్తును నిర్ణయించే అలవాటు మనకు ఉంది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. జానపద గేయాన్ని విశ్వవిద్యాలయ పరిశోధనకు యోగ్యమైనదిగా నిలబెట్టడానికి బిరుదురాజు రామరాజు ఊరూరా తిరగవలసి వచ్చింది. ఒకనాడు పాటకు, యాసకు దక్కిన తిరస్కారమే నేడు మసక వీడియోకు దక్కుతోందని అనుకోవడానికి ఆధారాలున్నాయి. అయితే ఈ పోలికను ఒక హద్దు దాకానే తీసుకోవాలి. ఆ హద్దు ఎక్కడుందో చివరి భాగంలో చూస్తాం.

2. భావన, దాని పరిమితి

జర్మన్ కళాకారిణి, రచయిత్రి హీటో స్టెయెర్ల్ 2009 నవంబరులో ఇ-ఫ్లక్స్ జర్నల్‌లో ప్రచురించిన వ్యాసం ఈ చర్చకు మూలం. నకలు మీద నకలుగా తిరిగి, కుదించబడి, అరిగిపోయిన చిత్రాన్ని ఆమె పేద చిత్రమన్నారు. దీన్ని నేను ‘బీదబింబం’ అంటాను. మనుషుల్లో వర్గాలున్నట్టే దృశ్యాలలోనూ ఉన్నాయనీ, స్పష్టత అక్కడ ఆస్తిలాగా పనిచేస్తుందనీ ఆమె వాదం. క్యూబా దర్శకుడు హూలియో గార్సియా ఎస్పినోసా 1969లో రాసిన అసంపూర్ణ సినిమా ప్రకటనను ఆమె తన వాదానికి పూర్వరంగంగా చూపారు. అదే సమయంలో బీదబింబాన్ని కేవలం విప్లవసాధనంగా ఆమె చూడలేదు. ముక్కలైన దృష్టిని అమ్ముకునే పెట్టుబడికి కూడా అది అనుకూలమేనని గుర్తించారు. ఈ జాగ్రత్తను ఆమె అనుయాయులు తరచూ మరచిపోతుంటారు.

అయితే స్టెయెర్ల్ రాసిన కాలం వేరు, స్థలం వేరు. ఆమె మనసులో ఉన్నవి ప్రధానంగా థియేటర్లకు దూరమై, దొంగ నకళ్ళుగా బతికిన ప్రయోగాత్మక చిత్రాలు. వాటికి ఎక్కడో ఒక సంపన్నమైన మూలప్రతి ఉంది. ఉత్తర తెలంగాణలో మన ఫోన్లలోకి వచ్చే దృశ్యాలలో అధికభాగానికి అలాంటి మూలప్రతి లేదు. అవి పుట్టుకతోనే మసకవి. కాబట్టి కలిగిన స్థితి నుంచి జారిన దాన్ని ‘చితికిన బింబం’ అనీ, ఎన్నడూ కలిమి ఎరగనిదాన్ని ‘పుట్టుబీద బింబం’ అనీ వేరు చేయడం అవసరం. చితికిన కుటుంబం పట్ల ఊరు చూపే జాలి, తరతరాలుగా పేదగా ఉన్న కుటుంబం పట్ల చూపదు. దృశ్యాల విషయంలోనూ ఇదే జరుగుతోంది.

3. చితికిన బింబం: ఊరి నడుమ ‘బలగం’

2023 మార్చి 3న విడుదలైన ‘బలగం’ సిరిసిల్ల ప్రాంతపు సినిమా. దర్శకుడు వేణు యెల్దండిది ఆ ప్రాంతమే. కొమురయ్య చావు, పిట్ట ముట్టకపోవడం చుట్టూ అల్లిన కథ అది. అదే నెల 24 నుంచి అమెజాన్ ప్రైమ్‌లో అందుబాటులోకి వచ్చింది. ఆ తరవాత జరిగిందే మనకు ముఖ్యం. తెలంగాణ పల్లెల్లో కూడళ్ళలో, పంచాయతీ ఆఫీసుల ముందు తెరలు కట్టి, ప్రొజెక్టర్లు పెట్టి ఊరంతా కలిసి ఈ సినిమా చూశారు. చూసి ఏడ్చారు. విడిపోయిన అన్నదమ్ములు కలుసుకున్నారన్న వార్తలూ వచ్చాయి. ఈ ప్రదర్శనలు అక్రమమంటూ నిర్మాతల పక్షాన నిజామాబాద్ పోలీసులకు ఫిర్యాదు వెళ్ళింది. దాని మీద విమర్శ రావడంతో నిర్మాత దిల్ రాజు, జనం చూడడాన్ని తాము ఆపబోమని వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది.

సాంకేతికంగా చూస్తే కూడలిలోని ఆ ప్రదర్శన నాసిరకమే. తెర ముడతలు పడుతుంది, వీధి దీపం వెలుగు పడి రంగు వెలిసిపోతుంది, మాట గాలికి పోతుంది. కానీ సినిమా కథాంశం చావింట బలగం కూడడమే అయినప్పుడు, బలగం కూడి చూసిన ఆ మసక ప్రతే కథకు దగ్గరి ప్రతి అనవలసి ఉంటుంది. ఒంటరిగా ఫోన్లో చూసే స్పష్టమైన ప్రతికి ఆ లక్షణం లేదు. పటం కట్టి కథ చెప్పే సంప్రదాయం, 1990లలో టీవీ, వీసీఆర్ కిరాయికి తెచ్చి వాడకట్టులో తెల్లవార్లూ సినిమాలు ఆడించిన అలవాటు, రెండూ ఈ ప్రదర్శనల వెనక ఉన్నాయి.

ఈ వివాదంలో పల్లె పక్షాన పత్రికలు, విమర్శకులు, చివరికి నిర్మాత కూడా నిలబడ్డారు. అది చితికిన బింబం కాబట్టే ఇది సాధ్యమైంది. దాని వెనక అందరూ మెచ్చిన మూలప్రతి ఉంది, దర్శకుడి పేరు ఉంది. ఆ రెండూ లేని దృశ్యానికి ఈ సానుభూతి దక్కదు.

4. పుట్టుబీద బింబం: ఎడారి నుంచి వచ్చిన వీడియో

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, కరీంనగర్ ప్రాంతాల పల్లెల్లో ‘దుబాయి పోవుడు’ అన్న మాట కువైట్‌కూ, సౌదీకీ, మస్కట్‌కూ కూడా వర్తిస్తుంది. ఈ వలస నుంచి గత దశాబ్దంలో ఒక దృశ్యప్రక్రియ పుట్టింది. దీన్ని ప్రక్రియ అనడంలో అతిశయోక్తి లేదు. దీనికి స్థిరమైన నిర్మాణం ఉంది. ముఖానికి దగ్గరగా పట్టుకున్న ఫోన్, వెనక ఇసుకో రేకుల గదో, ముందుగా పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం, జిల్లా, ఆ తరవాత ఏజెంటు చెప్పిన పని, ఇక్కడ చేయిస్తున్న పని, రాని జీతం, యజమాని చేతిలో ఉండిపోయిన పాస్‌పోర్టు, చివర పెద్దలను ఉద్దేశించిన వేడుకోలు. చాలాసార్లు అన్నా, సార్, అమ్మా అన్న మూడు సంబోధనలూ ఒకే వాక్యంలో వస్తాయి. ఎవరు వింటారో తెలియని మనిషి అందరినీ పిలుస్తున్నాడు. మన కైఫియతులలో, అర్జీలలో ఉన్న వరసే ఇది. పేరూ ఊరూ చెప్పుకొని, బాధ నివేదించి, ప్రభువు దయ కోరడం. అర్జీ కాగితం నుంచి కెమెరాలోకి వచ్చిందని చెప్పవచ్చు.

2019లో కరీంనగర్ ప్రాంతం నుంచి వెళ్ళి సౌదీలో గొర్రెలు, ఒంటెలు కాస్తూ చిక్కుకుపోయిన మనుషుల వీడియోలు ఇలాగే తిరిగాయి. అప్పటి తెరాస కార్యనిర్వాహక అధ్యక్షుడు కె.టి.రామారావు ట్విట్టర్‌లో స్పందించి, రాయబార కార్యాలయం సాయం కోరారు. అంటే ఈ దృశ్యం కేవలం చూడడానికి కాదు, పని చేయడానికి పుట్టింది. దాని మసకదనానికి కారణాలు కూడా పని పరిస్థితుల్లోనే ఉన్నాయి. చౌక ఫోన్, అరకొర సిగ్నల్, యజమాని చూడకముందే ముగించాలన్న తొందర. యు.ఏ.ఈ. వంటి చోట్ల వాట్సాప్ కాల్స్‌పై నియంత్రణ ఉండడం వల్ల ఇమో, బోటిమ్ వంటి యాప్‌లకు మళ్ళిన కుటుంబాలెన్నో. తక్కువ వేగంలోనూ పనిచేయడమే ఇమోకు ఆదరణ తెచ్చింది. అతుకుతూ, ఆగుతూ, చతురస్రాలుగా పగిలే ఆ ముఖమే చాలామంది పిల్లలకు తెలిసిన తండ్రి ముఖం.

ఇదే అనుభవానికి ఒక సంపన్న బింబం కూడా ఉంది. బెన్యామిన్ 2008లో రాసిన మలయాళ నవల ‘ఆడుజీవితం’ 2024లో బ్లెస్సీ దర్శకత్వంలో, పృథ్వీరాజ్ నటనతో సినిమాగా వచ్చింది. సౌదీ ఎడారిలో మేకల మంద దగ్గర బానిసగా మిగిలిన వలస కార్మికుడి కథ అది. ఎడారి ఇసుక ప్రతి రేణువూ కనిపించే ఆ చిత్రాన్ని మన పత్రికలు గొప్పగా మెచ్చుకున్నాయి. మెచ్చుకోదగినదే. కానీ అదే ఎడారి నుంచి, అదే పని నుంచి, మన యాసలో వచ్చిన వీడియో మీద మన భాషలో విమర్శ ఎంత ఉంది? వార్తగా ఒక రోజు వచ్చి పోతుంది. టీవీ చానల్ దాని మీద తన ముద్ర వేసి, విషాద సంగీతం కలిపి, మాట సగంలో కత్తిరిస్తుంది. ఈ కత్తిరింపులో తరచూ ముందుగా పోయేది ఊరు, మండలం చెప్పే భాగం. చెప్పినవాడికి మాత్రం అదే ముఖ్యం, ఎందుకంటే ఆ వివరంతోనే ఎవరో ఒకరు అతని ఇంటిని వెతకగలరు. స్పష్టతను పెంచే పేరిట సమాచారాన్ని తీసేయడం ఇది.

వలస కుటుంబాల ఫోన్లలో మరో రకం బింబాలు కూడా ఉంటాయి. పాస్‌పోర్టు పేజీ, వీసా కాగితం, మరణ ధ్రువపత్రం. గల్ఫ్‌లో మరణించినవారి కుటుంబాలకు రూ. 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇచ్చే ఉత్తర్వు 2024 సెప్టెంబరులో వెలువడింది. ఇలాంటి సాయానికి కాగితాలు కావాలి. ఆ కాగితాలు మొదట వచ్చేది ఫొటోలుగానే. అక్కడి తోటి కార్మికుడు తీసి పంపిన ఫొటోలో అంకె మసకగా ఉంటే, ఆ మసకకు వెల ఉంటుంది. బీదబింబం గురించిన సౌందర్య చర్చలో ఈ వెల సాధారణంగా కనిపించదు.

5. మార్లవాయి: రెండు రకాల గుస్సాడి

ఆదిలాబాద్ విషయంలో ప్రశ్న మరో రూపం తీసుకుంటుంది. ఇక్కడ సంపన్న బింబమే ముందు పుట్టింది. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం మరణం తరవాత, గోండుల స్థితిగతులను పరిశీలించే పని నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆయన మార్లవాయిలో మకాం పెట్టాడు. రాజ్ గోండులపై ఆయన గ్రంథం 1948లో వచ్చింది. ఆయన తీసిన ఛాయాచిత్రాలు నేడు లండన్‌లోని సోయాస్ భాండాగారంలో వరుస సంఖ్యలతో భద్రంగా ఉన్నాయి. ఆయన సమాధి, భార్య బెట్టీ ఎలిజబెత్ సమాధి మార్లవాయిలో ఉన్నాయి. చిత్రాలు లండన్‌లో, చిత్రకారుడి అస్థికలు మార్లవాయిలో ఉండడం ఆలోచించదగిన ఏర్పాటే.

అదే మార్లవాయికి చెందిన గుస్సాడి కళాకారుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ లభించింది. 2024లో ఆయన కన్నుమూశారు. దండారి పండగ రోజుల్లో నెమలి ఈకల కిరీటం ధరించిన గుస్సాడి దృశ్యాలు ఇప్పుడు వేల ఫోన్లలో ఉంటాయి. చీకట్లో, ఊగే చేత్తో తీసినవి. డప్పు మోత మైకులో పగిలి గరగర మాత్రమే మిగిలినవి. వీటిలో కొన్ని గోండు యువకులే తీసినవి, కొన్ని పట్నం నుంచి వచ్చిన యూట్యూబర్లు తీసినవి. రెండింటి మధ్య తేడా చూసే తీరులో తెలుస్తుంది. బయటివాడి కెమెరా కిరీటం దగ్గర ఆగుతుంది. ఊరివాడి కెమెరా పాదాల వెంట, పక్కన నవ్వుతున్న వదినల వెంట, ఆటకు వచ్చిన పక్క ఊరి బృందం వెంట పోతుంది. ఎవరి ఇంటికి ఎవరు విడిదికి వచ్చారన్నది ఊరివాడికి ముఖ్యం. ఊళ్ళ మధ్య బంధుత్వాలను కొత్తచేసే పండగగా దండారిని అర్థం చేసుకోవాలంటే, అందంగా తీసిన కిరీటం ఫొటో కన్నా ఈ ఊగే వీడియోయే మంచి ఆకరం.

ఇదివరకు గోండు మనిషి బింబంలో ఉండేవాడు, బింబం తీసేవాడు కాదు. ఈ మార్పు జరిగిన రోజే ఆ బింబాల నాణ్యత పడిపోయిందని మనం అంటున్నాం. కుమురం భీం విషయంలోనూ ఇటువంటి పోటీ చూశాం. అల్లం రాజయ్య, సాహు రాసిన నవలలోని భీం ఒకడు, ఫ్లెక్సీలపైని భీం ఒకడు, 2022 నాటి ‘ఆర్ఆర్ఆర్’ తెరమీది భీం ఇంకొకడు. ఆ సినిమా ప్రచార చిత్రంలో భీం టోపీతో కనిపించినప్పుడు 2020లోనే అభ్యంతరాలు వచ్చాయి. ఆ వివాదంలో నాకు కనిపించేది మతం గొడవ ఒక్కటే కాదు. ఆదివాసీ వీరుడి ముఖాన్ని ఎంత ఖర్చు పెట్టగలవారు నిర్ణయిస్తారన్న ప్రశ్న కూడా.

6. ఎదిగిన బింబం

పుట్టుబీద బింబం ఎప్పటికీ అలాగే ఉంటుందనుకోనక్కరలేదు. జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లి నుంచి 2012లో శ్రీరామ్ శ్రీకాంత్ ప్రారంభించిన ‘మై విలేజ్ షో’ ఇందుకు ఉదాహరణ. పొలం పనులు చేసుకునే గంగవ్వ అందులో నటించి, 2019లో ‘మల్లేశం’ వంటి సినిమాల్లో కనిపించి, 2020లో బిగ్‌బాస్ ఇంటికి వెళ్ళింది. తెలంగాణ పల్లె యాసను హాస్యగాడి యాసగా వాడుకున్న సినిమా పరిశ్రమకు, ఆ యాసే కథానాయికగా ఎదురైంది. ఇది చిన్న విజయం కాదు.

అయితే ఎదుగుదలకు షరతులుంటాయి. కెమెరా మెరుగయ్యేకొద్దీ పల్లె కూడా శుభ్రపడుతుంది. ప్రకటనదారుకు ఇబ్బంది కలిగించే కులం, కూలిరేటు, గల్ఫ్ అప్పు వంటివి హాస్యంలోకి కరిగిపోతాయి లేదా అంచుకు జరుగుతాయి. అంతకన్నా ముఖ్యమైనది, ఒక బింబం మెట్టెక్కినప్పుడు కింద మిగిలినవాటిని చెత్త అనడం మరింత సులువవుతుంది. ‘గంగవ్వను చూడండి, పల్లె వీడియో అంటే అలా ఉండాలి’ అన్న మెప్పులో మిగతా పల్లె వీడియోలపై తీర్పు దాగి ఉంది.

7. నిండిన ఫోన్

ఇక చెత్త అన్న మాటకు మొదటి అర్థం. భారతదేశంలో ఫోన్లు నిండి స్తంభించిపోవడానికి ‘గుడ్ మార్నింగ్’ చిత్రాలు కారణమని గూగుల్ పరిశోధకులు గుర్తించినట్టు 2018 జనవరిలో వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. ఇక్కడ ముగ్గురిలో ఒకరికి రోజూ ఫోన్‌లో స్థలం అయిపోతోందనీ, అమెరికాలో అది పదిమందిలో ఒకరికేననీ వెస్టర్న్ డిజిటల్ సంస్థ లెక్కను ఉటంకించింది. ఈ వార్తను మనవాళ్ళు నవ్వుకుంటూ పంచుకున్నారు. పంచుకున్నది వాట్సాప్‌లోనే. నిజానికి ఆ లెక్కను రెండు విధాలుగా చదవవచ్చు. చిత్రాలు ఎక్కువయ్యాయని చదవడం ఒక పద్ధతి, ఫోన్లు చిన్నవని చదవడం మరో పద్ధతి. 2017లో వచ్చిన జియోఫోన్‌లో నిల్వ 4 జీబీ, వెనక కెమెరా 2 మెగాపిక్సెల్. అదే గుడ్ మార్నింగ్ గులాబీ ఖరీదైన ఫోన్‌లో ఎవరికీ అడ్డు రాదు. చిన్న గదిలో వస్తువే చెత్త అయినట్టు, చిన్న ఫోన్‌లో చిత్రమే చెత్త అవుతుంది.

డిలీట్ చేయడం కూడా ఒక పనే, దానికి ఒక వర్గం ఉంది. క్లౌడ్‌లో స్థలం కొనుక్కున్నవాడు దేన్నీ ఎంచుకోనక్కరలేదు. కొనలేనివాడు ప్రతి వారం ఏది ఉంచాలి, ఏది తీయాలి అని తేల్చుకోవాలి. పెళ్ళి వీడియోనా, మస్కట్ నుంచి వచ్చిన వాయిస్ మెసేజా, బిడ్డ కాలేజీ గ్రూపులో వచ్చిన పాఠమా? దేవుడి బొమ్మ తీసేయడానికి వేలు వెనకాడడం మన ఇళ్ళలో చూస్తూనే ఉన్నాం. పగిలిన దేవుడి పటాన్ని మనవాళ్ళు చెత్తకుండీలో వేయరు. రావిచెట్టు మొదట్లో ఆనించి వస్తారు. బతుకమ్మను చెరువులో వదలడం పారేయడం కాదు, సాగనంపడం. రాజస్థాన్‌లో చిరిగిన ఫడ్ పటాన్ని చల్లార్చడమంటూ నీటిలో కలుపుతారు. వాడి అరిగిన బింబానికి మర్యాదతో వీడ్కోలు చెప్పే పద్ధతులు మౌఖిక సంస్కృతులకు తెలుసు. డిలీట్ మీటకు ఆ మర్యాద లేదు.

ఒక్కోసారి చెత్తను ఎత్తేసేది ప్రభుత్వం. 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను కేంద్రం నిషేధించింది. నిషేధానికి చెప్పిన కారణాల మంచిచెడ్డలు ఇక్కడ అప్రస్తుతం. బీడీలు చుట్టుతూ, కైకిలికి పోతూ, బొగ్గుబావి కాలనీల్లో పాడుతూ ఆడుతూ తీసుకున్న లెక్కలేనన్ని వీడియోలు ఒక్క రాత్రిలో అందకుండా పోయాయి. అదే స్థాయిలో అచ్చు పుస్తకాలు కాలిపోయి ఉంటే మన విశ్వవిద్యాలయాలలో ఒక సంతాప సభైనా జరిగి ఉండేది. ఆ రోజుల్లో విద్యావంతుల వర్గాలలో ఎక్కువగా వినిపించింది ‘పీడ పోయింది’ అన్న మాటే.

8. పరిశోధకుడి పని

జానపద విజ్ఞానంలో సేకరణకు ఒక క్రమశిక్షణ ఉంది. పాట ఎవరు పాడారు, ఎప్పుడు, ఏ సందర్భంలో, ఎవరి నుంచి నేర్చారు అన్నవి నమోదు చేయాలి. మసక వీడియో సేకరణకు కూడా ఇవే ప్రశ్నలు సరిపోతాయి, కాస్త మార్పుతో. వాట్సాప్‌లో చాలాసార్లు ఫార్వర్డ్ అయినదానికి రెండు బాణాల గుర్తు వస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి అలాంటిదాన్ని ఒకసారికి ఒక్కరికే పంపగలం. ఈ గుర్తు ఉన్న ప్రతికీ లేని ప్రతికీ మధ్య దూరం, తాళపత్ర పరిష్కరణలో మాతృకకూ నకలుకూ మధ్య దూరం వంటిదే. ఎంత కుదించబడింది, ఏ చానల్ ముద్ర పడింది, ఎక్కడ కత్తిరించారు అన్నవి పాఠాంతరాల చర్చలాగే చేయవచ్చు. పాఠపరిష్కరణ నేర్చిన తెలుగు శాఖలకు ఈ పని కొత్తగా నేర్పనక్కరలేదు.

ముందు ప్రస్తావించిన హద్దు ఇక్కడే వస్తుంది. జానపద గేయం పాడిన మనిషి పాట మన పుస్తకంలో చేరితే ఆమెకు నష్టం లేదు. గల్ఫ్ వీడియోలో ఏడ్చిన మనిషి విషయం అలా కాదు. అతడు ఆ రోజు బయటపడడానికి తన ముఖాన్ని, అప్పును, అవమానాన్ని బయటపెట్టాడు. ఇంటికి చేరి, మళ్ళీ ఊళ్ళో బతుకుతున్నవాడికి ఆ వీడియో చెరిగిపోవడమే మేలు కావచ్చు. చావు ఫొటోల విషయంలో కుటుంబం కోరిక మరీ స్పష్టం. కాబట్టి భద్రపరచడమే గౌరవించడం అన్న భాండాగార సూత్రం ఇక్కడ నేరుగా వర్తించదు. హైమెన్‌డార్ఫ్ ఫొటోలోని గోండు స్త్రీని ఎవరూ అనుమతి అడిగి ఉండరు. మనం అడగకుండా ఉండలేం.

ముఖం చెరిపి, పేరు తీసేసి దాచవచ్చు కదా అన్నది మామూలుగా వచ్చే సూచన. ముఖం మసక చేస్తే మిగిలేది గొంతు. ‘వస్తాన్న’, ‘చేస్తాన్న’ అన్న క్రియారూపం విన్నవెంటనే ఆ మనిషిది కరీంనగర్, వరంగల్ వైపు అని మాండలిక పరిశోధకుడు చెప్పగలడు. ఇంకాస్త వింటే మండలం కూడా చెప్పవచ్చు. మనకు ఆ వీడియోను విలువైనదిగా చేసే యాసే, ఊరివాళ్ళకు అతణ్ణి గుర్తుపట్టించే ఆనవాలు. గొంతు కూడా తీసేసి మాటల్ని ప్రామాణిక భాషలోకి ఎత్తి రాసుకుంటే అతడు సురక్షితంగా ఉంటాడు. కానీ అప్పుడు మన చేతిలో మిగిలేది వినతిపత్రం సారాంశమే.